ఒడి ప్రతి బిడ్డ హక్కు: ఉద్యమ ప్రణాళిక

పుట్టిన ప్రతి బిడ్డకూ ఒక ఒడి ఉండాలి. ఏడిస్తే ఎత్తుకునే చేతులు, నవ్వితే తిరిగి నవ్వే ముఖం, నిద్రపట్టేదాకా పక్కన కూర్చునే మనిషి ఉండాలి. ఈ సంగతిని ఇంటింటి అదృష్టానికి వదిలేయకూడదని నమ్మినవాళ్లం ఈ ఉద్యమాన్ని మొదలుపెడుతున్నాం. మాలో తల్లులున్నారు, తండ్రులున్నారు, అమ్మమ్మలూ నాయనమ్మలూ తాతయ్యలూ ఉన్నారు. అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు, ఆశా కార్యకర్తలు, నర్సులు ఉన్నారు. పిల్లలు లేనివాళ్లూ ఉన్నారు. పసిబిడ్డ ఊరందరి బాధ్యత అని మాలో అందరికంటే గట్టిగా చెప్పేది వాళ్లే.

తెలుగు నేల మీద బిడ్డలంటే ప్రేమకు కరువు లేదు. కరువల్లా ఆ ప్రేమను చూపే తీరికకు. నాట్ల వేళ బిడ్డను గట్టున పడుకోబెట్టి మడిలోకి దిగే తల్లికి ప్రేమ తక్కువా? కువైట్‌లో మరొకరి బిడ్డకు అన్నం తినిపించి, రాత్రి ఫోన్‌లో తన బిడ్డ ముఖం చూసుకునే గోదావరి జిల్లాల తల్లికి ప్రేమ తక్కువా? రాత్రి షిఫ్టు నుంచి ఇల్లు చేరి, బిడ్డ లేచే వేళకు నిద్రలోకి జారిపోయే తండ్రికి తక్కువా? లోపాన్ని వీళ్ల గుండెల్లో వెతికే రోజులు పోయాయి. ప్రేమకు సమయం కావాలి, చోటు కావాలి, సాయం పట్టే చేతులు కావాలి, కూలి పోకుండా కాపాడే చట్టం కావాలి. ఇవన్నీ మనుషులు ఏర్పాటు చేయగలిగినవే. వాటిని సాధించుకోవడమే మా పని. మా నమ్మకాలు ఇవి.

1. ఆప్యాయత ఆహారం.

కడుపు నిండితే బిడ్డ దానంతట అదే పెరుగుతుందన్న నమ్మకం మీద గడిచిన శతాబ్దం పెద్దపెద్ద ఆశ్రమాలు కట్టింది. అక్కడ ఏం జరిగిందో రెనే స్పిట్జ్ అనే వైద్యుడు 1945లో లోకానికి చెప్పాడు. శుభ్రమైన పక్కలున్నాయి, వేళకు పాలున్నాయి, వైద్యం ఉంది. ఎత్తుకుని ఆడించే మనిషి లేడు. బిడ్డలు చిక్కిపోయారు, జబ్బులకు తట్టుకోలేకపోయారు. 1951లో బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం రాసిన నివేదికలో, పసివాడి మనసు నిలబడాలంటే తల్లితోనో తల్లిలాంటి మనిషితోనో వెచ్చని, తెగిపోని బంధం కావాలని తేల్చాడు. అమెరికాలో మనస్తత్వవేత్త హ్యారీ హార్లో కోతిపిల్లల ముందు రెండు బొమ్మతల్లులను ఉంచాడు. ఒకటి తీగలతో చేసింది, పాలసీసా దానికే ఉంది. రెండోది మెత్తని గుడ్డ చుట్టింది, దాని దగ్గర పాలు లేవు. పిల్లలు ఆకలి తీరేంతసేపే తీగల తల్లి దగ్గర ఉండి, రోజులో మిగిలిన కాలమంతా గుడ్డతల్లిని కరుచుకునే గడిపాయి. 1958లో ఆయన ఈ ఫలితాలు ప్రకటించిన తర్వాత, పాలిచ్చినందుకే బిడ్డ తల్లిని కోరుతుందనే వాదానికి ఆధారం మిగల్లేదు.

అన్నిటికంటే బాధాకరమైన సాక్ష్యం రుమేనియాది. 1966లో అక్కడి ప్రభుత్వం గర్భస్రావాలను నిషేధించింది. సాకలేని బిడ్డలు వేలకు వేలుగా ప్రభుత్వ ఆశ్రమాలకు చేరారు. 1989 డిసెంబరులో ఆ పాలన కూలాక తలుపులు తెరిచి చూస్తే, వరసలు వరసలుగా ఊచల మంచాల్లో, ఏడిచినా ఎవరూ రారని తెలిసి ఏడుపే మానేసిన పిల్లలు కనిపించారు. 2000లో ఆ దేశ రాజధాని బుకారెస్ట్‌లో మొదలైన అధ్యయనంలో అలాంటి 136 మంది పిల్లల్లో సగం మందిని లాటరీ పద్ధతిలో ఎంచి పెంపుడు కుటుంబాలకు అప్పగించారు. కుటుంబాల్లోకి వెళ్లిన పిల్లలు తేరుకోసాగారు. రెండేళ్లు నిండకముందే ఒడి దొరికినవాళ్లు మరింత బాగా కోలుకున్నారు. ఒడి లేకపోవడం వల్ల జరిగే నష్టమూ, ఒడి దొరికితే మానే గాయమూ రెండూ నిజమని ఆ పిల్లలు నిరూపించారు.

మేము కోరే రేపటిలో, బిడ్డ బరువు తూచే ప్రతి చోటా ఇంకో ప్రశ్న కూడా అడుగుతారు: ఈ బిడ్డను రోజూ ఎత్తుకునేది ఎవరు, కబుర్లు చెప్పేది ఎవరు? జవాబు దొరకని ఇంటికి ఆ వారమే సాయం వెళుతుంది.

2. బిడ్డ అడుగుతుంది, మనం బదులివ్వాలి.

రెండు నెలల బిడ్డ ‘ఉంగా’ అంటే అది సంభాషణకు పిలుపు. తిరిగి ‘ఉంగా’ అన్న తల్లి ఆ బిడ్డకు లోకం బదులు పలుకుతుందనే మొదటి పాఠం నేర్పుతోంది. 1970లలో మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ ట్రానిక్ తల్లులను కాసేపు బిడ్డ ఎదుట ముఖంలో ఏ భావమూ లేకుండా కూర్చోమన్నాడు. బిడ్డ మొదట నవ్వి చూసింది, చేతులు చాచింది, కేక పెట్టింది, ఏదీ పనిచేయక చివరికి ముఖం తిప్పుకుంది. ఇదంతా రెండు మూడు నిమిషాల్లోనే. చేతిలో ఫోన్ పట్టుకుని పక్కనే కూర్చున్న పెద్దల ముఖాలు కూడా బిడ్డకు అలాగే కనిపిస్తాయి. బిడ్డ చేతిలో ఫోన్ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. రెండేళ్ల లోపు పిల్లలకు తెర అసలే వద్దన్నది మా మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచన కూడా దాదాపు అదే.

ఈ బదులిచ్చే పెంపకం మన ఇళ్లకు కొత్త కాదు. కాళ్లు చాపుకుని, వాటి మీద బిడ్డను పడుకోబెట్టి, నూనె రాసి, ఒళ్లంతా మర్దన చేసి, కబుర్లు చెబుతూ నీళ్లు పోసే అమ్మమ్మ, ఏ శాస్త్రవేత్త రాసిన పుస్తకం చదవకుండానే, బిడ్డకు ఏం కావాలో తెలిసిన మనిషి. మెల్లగా నిమిరితే స్పందించే ప్రత్యేకమైన నాడీతంతువులు మన చర్మంలో ఉన్నాయని శాస్త్రం ఈమధ్యే కనుగొంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు రోజుకు మూడుసార్లు, పదిహేనేసి నిమిషాలు మర్దన చేస్తే, చేయనివాళ్లకంటే 47 శాతం ఎక్కువ బరువు పెరిగారని మనస్తత్వవేత్త టిఫనీ ఫీల్డ్ బృందం 1986లో ప్రకటించింది. బిడ్డ బోర్లాపడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు పంచే ఆచారంలో గొప్ప విజ్ఞత ఉంది: బిడ్డ సాధించిన ప్రతి చిన్న విజయాన్నీ ఊరంతా గుర్తించాలని. ఆ ఆచారాన్ని అపార్ట్‌మెంట్లలోకి, కూలీల గుడిసెల్లోకి, డల్లాస్‌లోని తెలుగు ఇళ్లలోకి తిరిగి తెస్తాం. అయితే ముక్కు నొక్కి సాగదీయడం, చెవుల్లో ముక్కులో నూనె పోయడం మాత్రం మానేద్దాం. బిడ్డకు నొప్పి కలిగించేది మమకారంలో భాగం కాదు.

3. ఎత్తుకుంటే బిడ్డ చెడిపోదు.

‘ఎత్తు మరిగితే దించలేవు’ అనే హెచ్చరిక వినని బాలింత మన దగ్గర ఉండదు. ఇది మన పెద్దవాళ్ల భయం ఒక్కటే కాదు. 1928లో అమెరికాలో జాన్ వాట్సన్ అనే మనస్తత్వవేత్త, పిల్లలను ముద్దాడవద్దని, ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దని, పొద్దున్నే కరచాలనం చేస్తే చాలని పుస్తకమే రాశాడు. ఆ సలహాతో ఒక తరం తల్లులు చేతులు కట్టుకుని ఏడ్చే బిడ్డ పక్కన నిలబడ్డారు. తర్వాత 1972లో పరిశోధకులు సిల్వియా బెల్, మేరీ ఐన్స్‌వర్త్ ప్రకటించిన పరిశీలన మరో దారి చూపింది: మొదటి నెలల్లో ఏడుపుకు త్వరగా పలికిన తల్లుల బిడ్డలు ఏడాది చివరికి తక్కువ ఏడ్చారు. పిలిస్తే ఎవరో ఒకరు వస్తారన్న ధైర్యం కుదిరిన బిడ్డే ఒడి దిగి ఆటకు వెళుతుంది, వెనక్కి చూసుకుంటూ గడప దాటుతుంది. రేపటి బాలింతకు ఊరు ఇచ్చే సలహా ఒక్కటే: ఎత్తుకో. నువ్వు అలసిపోతే ఇటివ్వు, మేం ఎత్తుకుంటాం.

4. మొదటి గంట తల్లీబిడ్డలది.

ఈ నమ్మకం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాం, ఎందుకంటే తెలుగు రాష్ట్రాల్లో అన్నిటికంటే ముందు మారాల్సింది ఇక్కడే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లు. కోత తర్వాత తల్లి ఒక గదిలో, బిడ్డ మరో గదిలో ఉండటం మామూలై కూర్చుంది. బంధువులు వరండాలో బిడ్డను చేతులు మార్చి చూసుకుంటారు, ఫోటోలు తీస్తారు. తొమ్మిది నెలలు మోసిన మనిషి మాత్రం బిడ్డను అందరికంటే చివర చూస్తుంది. తల్లి స్పృహలో ఉండి, తల్లీబిడ్డలిద్దరూ నిలకడగా ఉంటే, ఆపరేషన్ బల్ల మీదే బిడ్డను తల్లి గుండెకు ఆనించవచ్చు. మొదటి గంటలోనే పాలు పట్టించవచ్చు. అందుకు కొత్త యంత్రాలు అక్కర్లేదు. ఆ గంటను కాపాడే ఒక నర్సు, ఆ గంట విలువ తెలిసిన ఒక డాక్టరు కావాలి.

నెలలు నిండని బిడ్డల విషయంలో ఇది ప్రాణాల సంగతి. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో, ఇంక్యుబేటర్లు చాలక ఒక్కో దాంట్లో ఇద్దరేసి బిడ్డలను పడుకోబెట్టాల్సి వచ్చిన ఆసుపత్రిలో, ఎడ్గార్ రే అనే వైద్యుడు బిడ్డలను తల్లుల రొమ్ముల మధ్య, చర్మానికి చర్మం తగిలేలా కట్టించాడు. అదే కంగారూ మదర్ కేర్. తల్లి ఒంటి వేడి బిడ్డను వెచ్చగా ఉంచుతుంది, తల్లి పాలు చేతికందే దూరంలో ఉంటాయి, తల్లి ఒంటిపై ఉండే సహజమైన సూక్ష్మజీవులు ఆసుపత్రి క్రిముల నుంచి రక్షణ ఇస్తాయి. చాలాకాలం ఈ పద్ధతిని బిడ్డ నిలకడపడ్డాకే మొదలుపెట్టేవారు. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో పాటు ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియా ఆసుపత్రుల్లో జరిగి 2021లో వెలువడిన అధ్యయనం ఆ నిరీక్షణకు తెరదించింది. కిలో నుంచి 1,799 గ్రాముల మధ్య బరువున్న బిడ్డలను పుట్టిన వెంటనే తల్లి గుండెకు ఆనిస్తే, 28 రోజుల లోపు మరణాలు నూటికి 15.7 నుంచి 12కు తగ్గాయి. నూటికి దాదాపు నలుగురు బిడ్డలు! 2022 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది కూడా ఇదే: రోజుకు 8 నుంచి 24 గంటలు, వీలైనంత త్వరగా.

అందుకే నవజాత శిశు విభాగం తలుపు బయట, చెప్పుల పక్కన, చీర కొంగు కప్పుకుని కూర్చునే తల్లులను లోపలికి తీసుకెళ్లడం ఈ ఉద్యమం మొదటి డిమాండు. అలాంటి ప్రతి విభాగంలో (ఎస్‌ఎన్‌సీయూలో) బిడ్డ మంచం పక్కనే తల్లికి మంచం వేయాలి. తల్లి ఐసీయూలో ఉంటే తండ్రి, నాయనమ్మ, పిన్ని ఎవరైనా చొక్కా గుండీలు విప్పి, రవిక తీసి బిడ్డను గుండెకు కట్టుకోవచ్చు. బ్రిటన్‌లో 1950లలో ఆసుపత్రిలో చేరిన పిల్లలను తల్లిదండ్రులు చూడటానికి వారానికి ఒకటి రెండు గంటలే ఇచ్చేవారు. జేమ్స్ రాబర్ట్‌సన్ 1952లో రెండేళ్ల పాప ఆసుపత్రి రోజులను సినిమాగా తీసి చూపాడు. 1959లో అక్కడి ప్రభుత్వం వేసిన ప్లాట్ కమిటీ ఆ ఆంక్షలు ఎత్తేయమంది. అక్కడ సాధ్యమైంది ఇక్కడా సాధ్యమే. జిల్లా ఆసుపత్రి అయినా కార్పొరేట్ ఆసుపత్రి అయినా ఇకపై ఏ తలుపూ తల్లీబిడ్డల మధ్య మూసుకోకూడదు.

5. తండ్రి అతిథి కాడు.

పెద్దల ముందు తన బిడ్డను ఎత్తుకోవడానికి సిగ్గుపడిన తండ్రుల తరం మనకు తెలుసు. వాళ్లకు ప్రేమ లేక కాదు, దాన్ని చూపడం మగతనానికి లోటని చెప్పి పెంచారు గనుక. ఆ పెంపకం అక్కడితో ఆగాలి. మగవాడి చేయి కూడా జోకొట్టగలదు, స్నానం చేయించగలదు, గుడ్డలు మార్చగలదు. కేంద్ర ప్రభుత్వోద్యోగికి దొరికే పితృత్వ సెలవు 15 రోజులు. ప్రైవేటు ఉద్యోగికి చట్టపరంగా ఆ మాత్రం కూడా లేదు. ప్రతి తండ్రికీ కనీసం మూడు నెలల సెలవు, జీతంతో కావాలి. జగిత్యాల నుంచో నిజామాబాద్ నుంచో గల్ఫ్‌కు వెళ్లి, బిడ్డ నడక నేర్చాక మొదటిసారి చూసే తండ్రుల కోసం కూడా మాట్లాడతాం. సెలవుల్లో ఇల్లు చేరినప్పుడు బిడ్డ కొత్త మనిషిని చూసి ఏడిస్తే, ఆ తండ్రి తలదించుకోనక్కర్లేదు. నేల మీద కూర్చుని, బిడ్డ తనంతట తాను దగ్గరికి వచ్చేదాకా ఆడుకుంటూ ఉంటే చాలని చెప్పే మనిషి పక్కన ఉండాలి.

6. ప్రేమకు సమయం కావాలి, ఆ సమయం చట్టం నుంచి రావాలి.

ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలైంది. యాభై మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలో క్రెష్ ఉండాలని అదే చట్టం చెప్పింది. మంచి చట్టమే. కానీ మిరపకాయలు కోసే తల్లికి, ఇళ్లలో పాచిపని చేసే తల్లికి, భవన నిర్మాణంలో ఇటుకలు మోసే తల్లికి అందులో ఒక్క రోజు కూడా రాదు. బిడ్డకు ఇరవై రోజులు నిండగానే పనికి వెళ్లే తల్లులు మన మధ్యే ఉన్నారు. ఒడిశా నుంచి తెలంగాణ ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాల బిడ్డలు మట్టి దిబ్బల పక్కనే నడక నేర్చుకుంటున్నారు. చెట్టుకు చీర ఉయ్యాల కట్టి, నాలుగేళ్ల అక్కను కాపలా పెట్టి తల్లి పనిలోకి దిగితే, ఆ చిన్నపిల్ల బాల్యం కూడా ఉయ్యాల ఊపడంలోనే పోతుంది.

2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టంలో ఒక మంచి మాట ఉండేది. పనిచోటుకు ఆరేళ్ల లోపు పిల్లలు ఐదుగురు, అంతకు మించి వస్తే, వాళ్లను చూసుకోవడానికి ఒక మహిళను నియమించి ఆమెకూ కూలి ఇవ్వాలని. బిడ్డను చూసుకోవడం పనే, దానికి కూలి ఉండాలని ఆ మాట ఒప్పుకుంది. ఈ సూత్రాన్ని మా జెండా మీద రాసుకుంటున్నాం. పొలం, బట్టీ, భవనం, బట్టల ఫ్యాక్టరీ, ఏదైనా సరే, పనిచోటుకు నడిచి వెళ్లగలిగే దూరంలో బిడ్డలుండే చోటు కావాలి. తల్లి రెండు మూడు గంటలకోసారి వచ్చి పాలిచ్చి వెళ్లేందుకు సమయం కావాలి. చూసుకునే మహిళలకు పూర్తి కూలి, శిక్షణ కావాలి. అసంఘటిత రంగంలోని ప్రతి తల్లికీ కనీసం ఆరు నెలల కూలి ప్రభుత్వం ఇవ్వాలి. ఈ ఖర్చు ఎక్కడి నుంచి వస్తుందని అడిగేవాళ్లకు మా జవాబు: రోడ్లకు, వంతెనలకు ఎక్కడి నుంచి వస్తుందో అక్కడి నుంచే.

7. అంగన్‌వాడీ ఊరి ఒడి కావాలి.

1975 అక్టోబరు 2న మొదలై, అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం మన దేశపు గొప్ప ఆలోచనల్లో ఒకటి. కానీ ఈ రోజు అంగన్‌వాడీ టీచరు దినమంతా గుడ్లు, పాలు, బరువులు, ఎత్తులు, పోషణ్ ట్రాకర్ యాప్‌లో నమోదులతోనే గడుస్తోంది. మూడేళ్ల లోపు బిడ్డలు కేంద్రానికి రావడం తక్కువ. వాళ్ల సరుకులు మాత్రం ఇంటికి వెళతాయి. జమైకాలో 1980లలో సాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ బృందం చేసిన పని చూడండి. ఎదుగుదల కుంటుపడిన చంటిపిల్లల ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ల పాటు వారానికోసారి వెళ్లి, ఒక గంట తల్లితో కలిసి బిడ్డను ఆడించారు. ఖరీదైన బొమ్మలు లేవు, ఇంట్లో దొరికే వాటితో చేసినవే. ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే, ఆ పిల్లలు అలాంటి తోడు దొరకని పిల్లలకంటే 25 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు. సంపాదన మా గమ్యం కాదు. కానీ ఆట, మాట, ఒడి మనిషి జీవితంలోకి ఎంత దూరం వెళతాయో అది చెబుతోంది. ప్రతి కేంద్రంలో చంటిపిల్లల కోసం రెండో టీచరు కావాలి. రిజిస్టర్ల భారం సగం తగ్గాలి. ఒడిలో కూర్చోబెట్టుకుని కథ చెప్పే గంటను టీచరు పనిగా గుర్తించి జీతం ఇవ్వాలి. తనకే గౌరవం దక్కని మనిషిని బిడ్డలను గౌరవించమని అడిగే హక్కు ఎవరికీ లేదు.

8. భయం పెట్టి పెంచడం ముగియాలి.

బూచాడికి పట్టిస్తా, పోలీసుకు చెబుతా, సూది పొడిపిస్తా. అన్నం తినిపించడానికి బిడ్డ గుండెలో భయం నింపే ఈ మాటలు మన ఇళ్లలోంచి వెళ్లిపోవాలి. మొక్కై వంగనిది మానై వంగునా అంటూ బెత్తం తీసేవాళ్లు ఒకటి గమనించాలి: మొక్కను వంచేముందు నీళ్లు పోస్తారు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్ని, మానసికంగా హింసించడాన్ని నిషేధించింది. ఆ చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలది. మూడేళ్ల పిల్ల ప్లేస్కూల్లో, ఇంట్లో తినే దెబ్బకు అలాంటి నిషేధం కావాలి. స్వీడన్ 1979లోనే ఇంట్లో కొట్టడాన్ని కూడా చట్టంతో ఆపింది. మన భాషలో రచయిత చలం ‘బిడ్డల శిక్షణ’ రాసి ఎన్నో దశాబ్దాలైంది. పిల్లలు పెద్దల ఆస్తి కాదన్న ఆయన వాదాన్ని ప్రతి పెళ్లిలో కొత్త దంపతులకు కానుకగా ఇద్దాం.

ఇదే నమ్మకంలో ఇంకో మాట ఉంది. ముద్దు కూడా బిడ్డ ఇష్టమే. ముఖం తిప్పుకున్న బిడ్డను చుట్టాలు బలవంతంగా ముద్దాడితే, తన ఒంటి మీద తనకు మాట లేదని ఆ బిడ్డ నేర్చుకుంటుంది. నెలల బిడ్డను చూడవచ్చిన ప్రతివాళ్లూ ముఖం మీద ముద్దు పెట్టడం రోగాలనూ తెస్తుంది. చేతులు కడుక్కుని, పాదాలు తాకి, అడిగి ఎత్తుకోవడం మా మర్యాద.

9. ఏ బిడ్డకూ తక్కువ వాటా దక్కకూడదు.

రెండో ఆడపిల్ల పుట్టిందని ముఖం ముడుచుకున్న ఇంట్లో ఆ పిల్లకు, ఎదుగుదల ఆలస్యమైన బిడ్డకు, వైకల్యంతో పుట్టిన బిడ్డకు, శిశుగృహలోని బిడ్డకు, జైల్లో తల్లితో ఉన్న బిడ్డకు, తల్లి విదేశం వెళితే అమ్మమ్మ దగ్గర పెరిగే బిడ్డకు అందరిలాగే ఒడి హక్కు ఉంది. 2015 బాలల న్యాయ చట్టంలో పెంపుడు కుటుంబ సంరక్షణకు చోటుంది. దాన్ని కాగితం దాటించి, ఆశ్రమం కంటే ముందు కుటుంబాన్ని వెతికే వ్యవస్థ కోసం పనిచేస్తాం.

మాతో నడవాలనుకునేవాళ్లు ఈ నెలలోనే మొదలుపెట్టవచ్చు. మీ ఊరి అంగన్‌వాడీలో, మీ వీధి కమ్యూనిటీ హాల్లో, అమెరికాలో ఉంటే మీ ఇంటి హాల్లో, ఆదివారం ఒక గంట పది కుటుంబాలను పిలవండి. ఎవరింట్లో బాలింత ఉందో, ఎవరి బిడ్డ ఆసుపత్రిలో ఉందో, ఎవరు పనికి వెళితే బిడ్డను చూసే దిక్కు లేదో రాసుకోండి. వంతులు వేసుకుని వెళ్లండి. దగ్గరలోని ప్రసూతి ఆసుపత్రి సూపరింటెండెంటును కలిసి, మొదటి గంట తల్లీబిడ్డలకు దక్కుతోందా అని రాతపూర్వకంగా అడగండి. సభకు తండ్రులే బిడ్డలను ఎత్తుకుని రావాలి. సభ బిడ్డల వేళకే నడుస్తుంది: పాలవేళకు ఆగుతుంది, నిద్రవేళకు ముగుస్తుంది, మిగిలిన చర్చ వచ్చే ఆదివారానికి వాయిదా పడుతుంది.